పోను తక్కువ, రాను ఎక్కువ

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల వలస బతుకంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. నైజాం నుంచి పనికి వచ్చిన కామాటీల పేరే ముంబైలోని కామాటిపురకు నిలిచింది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు పుంజుకున్నాక, కామాటిపురలోని తెలుగువాళ్ల ఖోలీలు (గదులు) దుబాయి పోయేవాళ్లకు మజిలీలయ్యాయి. ముంబై-దుబాయి విమానం టికెట్టు చేతిలోకి తీసుకుని చూస్తే మాత్రం ఒక చిక్కు. సముద్రం ఒకటే, దూరమూ ఒకటే. పోను రెండు గంటలైనా పట్టదు, రాను నాలుగు దాటుతుంది. ఎందుకు?

లెక్కకు ఒక టికెట్టు అనుకుందాం. ముంబైలో సాయంత్రం 4.30కి బయల్దేరితే దుబాయిలో 6.15కి దిగుతారు. అంటే గంటా నలభై అయిదు నిమిషాలు. తిరుగు విమానం అక్కడ ఉదయం 10కి లేస్తే ఇక్కడ మధ్యాహ్నం 2.25. అంటే నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలు.

మొదటి అనుమానం భూమి మీదికే పోతుంది. భూమి తూర్పుకు తిరుగుతోంది కనుక పడమటికి పోయే విమానానికి దుబాయే ఎదురొస్తుందన్న వాదన వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. అదే నిజమైతే విమానం గాల్లో ఊరికే నిలబడినా 70 నిమిషాల్లో దుబాయి రేఖాంశానికి చేరిపోవాలి, తిరుగు విమానమేమో ముంబైని ఎన్నటికీ అందుకోకూడదు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే పోతుంది. కాబట్టి భూమి నిర్దోషి.

ఇక దూరం చూద్దాం. రెండు ఊళ్ల మధ్య సూటిగా సుమారు 1,930 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున రెండుంబావు గంటలు. రన్‌వేకు చేరడం, పైకెక్కడం, కిందికి దిగడం కలిపితే మూడు గంటలు. టికెట్టు మీది రెండు కాలాలనూ కలిపి సగం చేయండి: మూడు గంటల అయిదు నిమిషాలు! ప్రయాణం సరిగ్గానే ఉంది, తేడా గడియారాల్లోనే.

టికెట్టులో బయల్దేరే సమయం ఒక ఊరిది, దిగే సమయం ఇంకో ఊరిది. మన గడియారం గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందు, దుబాయిది నాలుగు. ఆ గంటన్నరను పోనుకు కలిపితే 3.15, రానులోంచి తీసేస్తే 2.55.

ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయి. అది గాలి పని. పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున, చలికాలంలో మరీ బలంగా, పడమటి గాలి వీస్తుంది. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక. వానాకాలంలో అది ఉత్తరానికి జరుగుతుంది కనుక తేడా తగ్గుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ముడి చివరిది. ముంబైలో సూర్యుడి మిట్టమధ్యాహ్నమైన 70 నిమిషాలకే దుబాయిలోనూ అవుతుంది, మరి గడియారాల తేడా 90 ఎందుకు? మన కాలమానం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖది. ముంబై ఎండ దానికి 39 నిమిషాలు వెనక. అందుకే 1955 వరకు ఈ నగరం 'బాంబే టైమ్' అని సొంత గడియారం నడుపుకుంది. దుబాయి ఎండ కూడా తన గడియారానికి వెనకే, కాకపోతే 19 నిమిషాలే. ఆ రెంటి తేడాయే 70కీ 90కీ మధ్య మిగిలిన ఇరవై నిమిషాలు.

మనవాళ్ల కోసం ముంబై ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లు టికెట్టులోని దిగే సమయానికి ఏదీ కలపొద్దు, తీయొద్దు. అది మన గడియారమే. దుబాయికి ఫోన్ చేసేటప్పుడు మాత్రం గంటన్నర వెనక్కి లెక్కించండి. మనకు పొద్దున ఆరైతే వాళ్లకు నాలుగున్నర. కష్టం చేసి పడుకున్నవాళ్లను ఆ వేళ లేపొద్దు.