ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు: చట్టం ఒకటే, అమలు రాష్ట్రానికో తీరు ఎందుకు?

ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి 40 సీట్లున్నాయనుకుందాం. వాటిలో కనీసం 10 సీట్లు ఆ చుట్టుపక్కల నివసించే పేద, అణగారిన కుటుంబాల పిల్లలకు ఇవ్వాలి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా వారి దగ్గర ఫీజు తీసుకోకూడదు. విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 12(1)(సి) చెప్పేది ఇదే. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా ఆ 10 సీట్లు దొరుకుతాయా లేదా అన్నది ఆ కుటుంబం ఏ రాష్ట్రంలో ఉంటోందన్న దాన్ని బట్టి మారుతోంది.

హక్కుగా ఎప్పుడు మారింది?

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లలో, 14 ఏళ్లలోపు పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య అందించేందుకు ప్రభుత్వం ప్రయత్నించాలని 45వ అధికరణ చెప్పింది. అది ఆదేశిక సూత్రం మాత్రమే. అమలు కాలేదని కోర్టుకు వెళ్లే వీలు ఉండేది కాదు.

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసుతో ఈ పరిస్థితి మారింది. ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల ఫీజులపై మొదలైన ఆ వివాదంలో, 14 ఏళ్ల వరకు విద్య పొందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో 86వ సవరణ ద్వారా 21ఎ అధికరణ వచ్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. దాన్ని అమలు చేయడానికి 2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం తెచ్చింది.

ఖర్చు ఎవరిది?

ఈ పిల్లల ఖర్చును ప్రభుత్వం బడికి తిరిగి చెల్లిస్తుంది. అయితే సర్కారు బడిలో ఒక్కో విద్యార్థిపై అయ్యే ఖర్చు, ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతే ఇస్తుంది. ఫీజు ఎక్కువగా ఉన్న బడి మిగతా భారాన్ని తానే మోయాలి. ఉచితంగానో, తక్కువ ధరకో ప్రభుత్వ భూమి పొంది, దానికి బదులుగా కొందరికి ఉచిత విద్య ఇస్తామని ఒప్పుకున్న బడులకు ఆ మేరకు చెల్లింపు ఉండదు. చెల్లింపులు ఆలస్యమైతే యాజమాన్యాలు సీట్లు ఇవ్వడానికి వెనకాడతాయి. ఆ భారం చివరికి తల్లిదండ్రుల మీదే పడుతుంది.

అన్ని బడులకూ వర్తిస్తుందా?

వర్తించదు. ఈ సెక్షన్‌ను ప్రైవేటు బడులు సవాలు చేయగా, 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు 2:1 మెజారిటీతో దాన్ని సమర్థించింది. ప్రభుత్వ సాయం పొందని మైనారిటీ బడులను మాత్రం మినహాయించింది. 2014లో ప్రమతి ట్రస్టు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు ముందుకు వేసి, సాయం పొందే మైనారిటీ బడులకు కూడా విద్యాహక్కు చట్టం వర్తించదని తేల్చింది. విద్యాసంస్థలు నెలకొల్పుకుని నడుపుకునేందుకు మైనారిటీలకు 30వ అధికరణ ఇచ్చిన హక్కు ఇందుకు ఆధారం.

రాష్ట్రాలు ఏం చేశాయి?

చట్టం కేంద్రానిదే అయినా నిబంధనలు రాసుకునేది రాష్ట్రాలు. దగ్గర్లో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడి ఉంటే ప్రైవేటు బడి ఈ సీట్లు ఇవ్వనక్కర్లేదని కర్ణాటక 2018 చివర్లో నిబంధనలు మార్చింది. దాంతో అక్కడ అందుబాటులో ఉన్న సీట్లు భారీగా తగ్గిపోయాయి. 2019లో ఆ రాష్ట్ర హైకోర్టు ఈ మార్పును సమర్థించింది.

2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర కూడా అదే దారి పట్టింది. కిలోమీటరు లోపు ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడి ఉంటే ప్రైవేటు బడికి మినహాయింపు ఇచ్చింది. పార్లమెంటు చేసిన చట్టానికి ఇది విరుద్ధమంటూ బాంబే హైకోర్టు అదే ఏడాది జులైలో ఆ నిబంధనను కొట్టేసింది. ఆ తీర్పులో జోక్యానికి సుప్రీంకోర్టు ఆగస్టులో నిరాకరించింది. ఒకే తరహా నిబంధన ఒక హైకోర్టులో నిలిచింది, మరో హైకోర్టులో వీగిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు జోక్యం తర్వాత 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఈ ప్రవేశాలు మొదలయ్యాయి. అంటే చట్టం వచ్చిన పన్నెండేళ్లకు. తెలంగాణలోనూ ఈ సీట్లు ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. అక్కడా విషయం హైకోర్టుకు చేరింది.

ఎనిమిది తర్వాత?

ఉచిత విద్య హామీ ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. తొమ్మిదికి వచ్చేసరికి బడి పూర్తి ఫీజు అడగవచ్చు. ఎనిమిదేళ్లు ఒకే బడిలో చదివిన పిల్లలు సరిగ్గా పదో తరగతికి ముందు, కట్టుకోలేని ఫీజో, కొత్త బడో ఎంచుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడేం జరగనుంది?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పుపై సందేహం వ్యక్తం చేసింది. మైనారిటీ బడులకు పూర్తి మినహాయింపు సరైనదేనా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనం పరిశీలన కోసం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. ఆ మినహాయింపు తొలగిపోతే 25 శాతం సీట్లు ఇవ్వాల్సిన బడుల జాబితా పెరుగుతుంది. అయితే రాష్ట్రాలు నిబంధనలను సక్రమంగా రాసి, బడులకు సకాలంలో డబ్బు చెల్లిస్తేనే ఆ సీటు కాగితం మీంచి తరగతి గదికి చేరుతుంది.