సముద్రతార పాట – అకేడియా క్రైస్తవుల చరిత్ర

ఫ్రెంచి అనగానే మన గోదావరి ప్రాంతమువారికి యానాం జ్ఞాపకము వస్తుంది. అక్కడ ఫ్రెంచివారు పాలకులుగా ఉండేవారు. కాని అదే భాష మాటలాడుతూ పరాయి ఏలుబడిలో నలిగిపోయిన ఒక చిన్న కతోలిక ప్రజ కెనడా తూర్పు తీరమున ఉన్నది. వారే అకేడియనులు.

1604 మొదలుకొని ఫ్రాన్సునుండి వచ్చినవారి సంతతి వీరు. ఆటుపోట్లకు అడ్డముగా మట్టికట్టలు పోసి, తూములు అమర్చి, ఉప్పునేలను గోధుమచేలుగా మార్చుకొన్నారు. 1713 సంధితో ఆ దేశము ఇంగ్లీషువారి వశమైనది. మా పక్షమున ఆయుధము పట్టుదుమని బేషరతుగా ప్రమాణము చేయుడని దొరలు ఒత్తిడి చేయగా వీరు ఒప్పుకొనలేదు. 1755 సెప్టెంబరు 5న గ్రాన్ ప్రే గ్రామములో రాజాజ్ఞ వినవలెనని మగవారిని దేవాలయములోనికి పిలిపించి, తలుపులు మూసి, 418 మందిని బందీలను చేశారు. తాము జ్ఞానస్నానము పొందిన గుడియే వారికి చెరసాల అయినది! 1763 వరకు సాగిన ఆ కార్యములో 10,000 మందికి పైగా ఓడలకెక్కించబడ్డారు. ఇండ్లు తగులబెట్టారు. కుటుంబములు చెదరిపోయినవి. త్రోవలో చనిపోయినవారు వేలమంది.

1764 తరువాత తిరిగివచ్చుటకు అనుమతి దొరికినది గాని పాత పొలములు అప్పటికే ఇతరుల చేతిలో ఉన్నవి. రైతులు రాతిగట్ల వెంబడి చేపలు పట్టి బ్రదుకవలసి వచ్చినది. బడి లేదు, చాలచోట్ల గురువు లేడు. అప్పుడు వారు చేసిన పని మన ఉపదేశులున్న పల్లెలకు బాగుగా తెలియును. ఆదివారము అందరు కూడగా ఊరి పెద్ద ఒకడు ప్రార్థనలు చదివేవాడు, జనము కీర్తనలు పాడేవారు. అప్పద్రవ్యముల అర్పణ లేని ఈ కూడికకు వారు తెల్లపూజ అని పేరు పెట్టుకొన్నారు. ఇంటిలోనేమో అమ్మమ్మలు ఫ్రాన్సునుండి వచ్చిన పాత కథాగేయములు పాడేవారు. చదువురానివారికి భాషాగ్రంథము అదే.

1881లో మెమ్రామ్‌కుక్‌లో జరిగిన మహాసభలో మరియమాత మోక్షారోపణ పండుగయైన ఆగస్టు 15ను తమ జాతిదినముగా ఎన్నుకొన్నారు. 1884లో మిస్కూష్ గ్రామమున రెండవ సభ. మార్సెల్ ఫ్రాన్స్వా రిషార్ గురువు తెచ్చిన జెండా ఎత్తారు. ఫ్రాన్సు మూడు రంగులపై ఒక పసుపు నక్షత్రము. ఆయన “ఆవే మారిస్ స్తెల్లా” అను లాటిను కీర్తన ఎత్తుకొనగా సభ యావత్తు గొంతు కలిపినది. సముద్రతారయైన మరియమ్మకు వందనమని దాని భావము. అదే జాతిగీతమైనది. ఫ్రెంచి కోసము పోరాడువారి జాతిగీతము లాటినులో ఉండుట వింతగా తోచవచ్చును. కాని అది ప్రతి విచారణలో ప్రతి గాయకునికి నోటికి వచ్చిన పాట. కొత్తది వ్రాసి నేర్పవలసిన పని లేకపోయినది.

జానపదములను కాగితమునకెక్కించిన ఘనత కపూచిన్ సభ గురువు అన్సెల్మ్ షియాసన్‌ది. షేటికాంప్ అను చేపలూరిలో పుట్టి, దానియెల్ బూద్రో గురువుతో కలిసి 1942నుండి అకేడియా పాటల సంపుటములు ప్రచురించారు. మెమ్రామ్‌కుక్ కళాశాలలో లెయాంద్ర్ బ్రో గురువు విద్యార్థుల గాయకబృందమును నడిపారు. 1957లో మాంక్టన్ పట్టణమున లోరెత్ గాలాన్ అను కన్యాస్త్రీ పిల్లలతో “అకేడియా యువగాయకులు” బృందము స్థాపించారు. మాంక్టన్ పేరు ఎవరిదనుకొన్నారు? 1755లో ఆ ప్రజను తరిమిన సేనాధిపతులలో ఒకనిది. ఆ ఊరిలోనే ఆ పిల్లలు ఫ్రెంచిలో పాడారు.

వంటింటి పాటను నాలుగు స్వరముల బృందగానముగా దిద్దినప్పుడు కొంత పోతుంది. కాలితో తాళము వేస్తూ ముసలమ్మ లాగిన రాగము స్వరలిపికి లొంగదు. అయినను లిపి లేనిదే ఆమెతో పాటే ఆ పాట సమాధిలోనికి పోయెడిది. ఈ బేరములో లాభమే ఎక్కువయని నా అభిప్రాయము.

పాటలే భాషను నిలిపినవనుట అతిశయోక్తి. 1963లో మాంక్టన్‌లో ఫ్రెంచి విశ్వవిద్యాలయము వెలసినది. 1969లో న్యూ బ్రున్స్‌విక్ రాష్ట్రము ఫ్రెంచిని ఇంగ్లీషుతో సమానముగా అధికారభాష చేసినది. అయితే చట్టము వచ్చునాటికి ఆ భాష మాటలాడు నోళ్లు మిగిలి ఉండవలెను గదా!

1994లో జాతిగీతమునకు ఫ్రెంచి చరణములు చేర్చారు. లాటిను చరణమును మాత్రము తీసివేయలేదు.