పలుగురాయి ఇక మైనర్ ఖనిజం కాదు.. మీకేంటి?

దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మీకు పొలముందా? పక్కనే తెల్లరాయి గానీ అభ్రకం గానీ తవ్వుతున్నారా? అయితే ఈ మార్పు తెలుసుకోండి.

2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను మైనర్ జాబితాలో చేర్చింది. అభ్రకం, పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్, ముగ్గురాయి వాటిలో ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 20న ఈ నాలుగింటినీ తిరిగి మేజర్ ఖనిజాలుగా ప్రకటించింది.

ఎందుకంటే, అభ్రకం దొరికే పెగ్మటైట్ రాతిలోనే లిథియం, బెరిల్, నియోబియం, టాంటలం కూడా ఉండొచ్చు. మైనర్ లీజుల్లో వీటి లెక్క బయటికి రావట్లేదు. ఆకుపచ్చ అభ్రకానికి పేరున్న నెల్లూరు బెల్టు గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాల్లో ఉంది. అలాగని మన దగ్గర లిథియం బయటపడిందని కాదు. అలాంటి వాట్సాప్ మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేయకండి.

ఇకపై గనుల లెక్కలు ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌కు చేరాలి. రాయల్టీ మాత్రం రాష్ట్రానికే. 2017 ఖనిజ సంరక్షణ నిబంధనల ప్రకారం పైమట్టిని, నాసిరకం ఖనిజాన్ని విడివిడిగా నిల్వ చేయాలి. అంతా కలిపి మీ పొలం గట్టున కుప్ప పోస్తే అది ఉల్లంఘనే.

మేజర్ ఖనిజాల లీజు హద్దు చుట్టూ 500 మీటర్ల వరకు ఉపగ్రహ నిఘా ఉంటుంది. అక్రమంగా తవ్వితే ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకు రూ.5 లక్షల వరకు జరిమానా. ఫిర్యాదు జిల్లా గనుల శాఖ కార్యాలయంలో ఇవ్వండి, సర్వే నంబరు తప్పక రాయండి.

చాలామందికి తెలియనిది జిల్లా ఖనిజ నిధి. వేలంలో ఇచ్చిన లీజుదారు రాయల్టీకి అదనంగా అందులో 10 శాతం, 2015 జనవరి 12కు ముందు లీజు పొందినవారు 30 శాతం ఈ నిధికి కట్టాలి. తాగునీరు, వైద్యం, చదువు వంటి పనులకు గనుల ప్రభావిత గ్రామాల్లో ఖర్చు చేయాల్సిన డబ్బిది. మీ ఊరికి ఎంత వచ్చిందో గ్రామసభలో అడగండి.