వందేళ్లు నిలిచిన ఇరవై ఆరు పేజీలు

ప్రయోగశాలలో తేలిన నిజం కాగితం మీదికి రావాలి. చదివినవాళ్లు తమ చేతులతో మళ్లీ చేసి చూసుకోగలగాలి. అప్పుడే అది శాస్త్రమవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో రాసి పంపిన పేపర్లూ ఉన్నాయి, వెలుగు చూడని ఫలితాలూ ఉన్నాయి. నేటి పరిశోధక విద్యార్థులు రెండింటినుంచీ నేర్చుకోవలసింది ఉంది.

బయోకెమిస్ట్రీ చదివిన చాలామందికి ఆ నీలిరంగు పరిచయమే. పరీక్షనాళికలో ఫాస్ఫేట్ ఉన్న ద్రావణం తీసుకుంటారు. ఆమ్లంలో కరిగించిన అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. ఆపైన ఏఎన్ఎస్ఏ అని పొట్టిగా పిలుచుకునే రసాయనాన్ని కొద్దిగా చేరుస్తారు. కొద్ది నిమిషాల్లో ద్రావణం నీలమవుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ ఉన్నట్టు. రికార్డు పుస్తకంలో ఈ ప్రయోగానికి 'ఫిస్క్–సుబ్బారావు పద్ధతి' అని శీర్షిక పెడతారు. ఆ రెండో పేరు గోదావరి జిల్లా మనిషిదని తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పద్ధతి మొదట అచ్చయిన పేపర్‌ను తెరిచి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ఆ పేపర్ 1925లో అమెరికాలో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటంలో, 375వ పేజీ నుంచి 400వ పేజీ దాకా వచ్చింది. రంగు ఆధారంగా ఫాస్ఫరస్‌ను కొలవడం దాని విషయం. కొత్త జబ్బునో కొత్త మూలకాన్నో కనుగొన్నామన్న ప్రకటన అందులో లేదు. ఉన్నదల్లా ఒక కొలత పద్ధతి. అయినా ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రవేత్తలు అత్యధికంగా ఉదహరించిన పేపర్ల వరుసలో అది చేరింది. ఎందుకు చేరిందో తెలియాలంటే అది ఎలా తయారైందో చూడాలి.

హార్వర్డ్‌లో ఒక బల్ల

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివారు. మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం నేర్చి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పూర్తిచేశాక అక్కడి మెడికల్ స్కూల్‌లో బయోకెమిస్ట్రీ విభాగానికి వెళ్లారు. విభాగాధిపతి ఒట్టో ఫోలిన్. రక్తంలో, మూత్రంలో ఉన్న పదార్థాలను రంగుల సాయంతో కొలిచే పద్ధతులకు ఆయన అప్పటికే పేరుపొందారు. ఆ విభాగంలోనే సైరస్ ఫిస్క్ దగ్గర సుబ్బారావు పని మొదలుపెట్టారు.

ఫాస్ఫరస్‌ను రంగుతో కొలవడం అప్పటికి కొత్తేమీ కాదు. 1920లో బెల్, డాయిసీ అనే ఇద్దరు ఒక పద్ధతి ప్రకటించారు. 1922లో బ్రిగ్స్ దాన్ని మెరుగుపరిచాడు. ఆ పద్ధతుల్లో మాలిబ్డేట్‌ను నీలంగా మార్చడానికి హైడ్రోక్వినోన్ వాడేవారు. బెల్–డాయిసీ పద్ధతిలో వచ్చిన రంగు త్వరగా వెలిసిపోయేది. ఫిస్క్, సుబ్బారావు హైడ్రోక్వినోన్ స్థానంలో అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం (ఏఎన్ఎస్ఏ) పెట్టారు. రంగు త్వరగా వచ్చింది, నిలకడగానూ ఉంది.

ఇంతవరకూ బల్ల మీద జరిగిన పని. పేపర్ రాయడం దాకా వచ్చేసరికి ఇంకో రకం శ్రమ మొదలవుతుంది. మాలిబ్డేట్ ఎంత శాతం, ఏ గాఢత ఉన్న ఆమ్లంలో కరిగించాలి, రంగు తెచ్చే రసాయనాన్ని ఎలా శుద్ధిచేయాలి, ఎలా నిలవ ఉంచాలి, రక్తానికైతే ఏం చేయాలి, మూత్రానికైతే ఏం మారాలి, మొత్తం ఫాస్ఫరస్ కావాలంటే ముందు పదార్థాన్ని ఎలా ఆమ్లంలో జీర్ణం చేయాలి, ఏ పదార్థాలు అడ్డుపడతాయి, ఏవి పడవు? ఇవన్నీ రాయాలి. రెండున్నర శాతం మాలిబ్డేట్, పావు శాతం ఏఎన్ఎస్ఏ అని నేటి పుస్తకాల్లో కనిపించే అంకెలు అలా స్థిరపడినవే.

అప్పట్లో రంగు చిక్కదనాన్ని కంటితోనే పోల్చేవారు. డ్యూబోస్క్ కలరీమీటర్‌లో ఒకపక్క పరిమాణం తెలిసిన ద్రావణం, మరోపక్క తెలియని ద్రావణం పెట్టి, రెండు సగాలూ ఒకే నీలంలో కనిపించేదాకా సర్దేవారు. చూసే కన్ను మారితే ఫలితం మారే ప్రమాదం ఉన్న రోజులవి. అలాంటప్పుడు రాతలో ఒక్క వివరం జారినా ఇంకో ఊరివాడి కొలత తప్పుతుంది. ఆ ఇరవై ఆరు పేజీల బలం అక్కడే ఉంది. చేసినవాళ్ల చేతి నైపుణ్యం మీద ఆధారపడకుండా, ఎప్పుడూ కలవని మనిషి కూడా అదే నీలం రప్పించుకునేలా రాశారు.

రంగు ఆలస్యమైతే

ఆ పద్ధతితో కండరాల సారాన్ని పరీక్షించినప్పుడు ఒక వింత కనిపించింది. మామూలుగా కొద్ది నిమిషాల్లో రావలసిన నీలం తాపీగా, కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. పద్ధతి సరిగా స్థిరపడకపోయి ఉంటే దీన్ని ప్రయోగంలో దొర్లిన పొరపాటు అనుకొని వదిలేసేవారు. రంగు ఎంతసేపట్లో రావాలో కచ్చితంగా తెలుసు కాబట్టే ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో ఫాస్ఫేట్‌ను తనలో కట్టిపెట్టుకున్న పదార్థమేదో ఉంది. అది ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోంది. అందుకే రంగు ఆలస్యం. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరంలో విడిగా ఉన్న ఫాస్ఫేట్ అని అంతకుముందు అందరూ లెక్కవేసిన దాంట్లో పెద్ద భాగం నిజానికి ఇదే.

ఇక్కడ పేపర్ పంపే వేళ ప్రతి పరిశోధకుడికీ ఎదురయ్యే ప్రశ్న వస్తుంది: ఇప్పుడే పంపాలా, ఇంకొంత రుజువు చేతికొచ్చాకనా? లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్ ఎగల్టన్, గ్రేస్ ఎగల్టన్ దంపతులు కప్ప కండరంలో ఇలాంటి అస్థిరమైన పదార్థాన్నే గమనించారు. 1927లో దానికి 'ఫాస్ఫాజెన్' అని పేరుపెట్టి ప్రకటించారు. దాని రసాయన నిర్మాణం మాత్రం వాళ్లకు ఇంకా అంతుపట్టలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో ఫిస్క్, సుబ్బారావుల చిన్న పేపర్ వచ్చింది. ఆ పదార్థం క్రియాటిన్‌తో కలిసిన ఫాస్ఫేట్ అనీ, కండరం పనిచేస్తే తగ్గుతుందనీ, విశ్రాంతిలో మళ్లీ తయారవుతుందనీ అందులో చెప్పారు. పూర్తి రుజువులతో యాభై పేజీల పెద్ద పేపర్ 1929లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో అచ్చయింది.

ముందు చిన్న పేపర్‌తో విషయం చెప్పడం, తర్వాత నింపాదిగా సాక్ష్యమంతా పరచడం నేటికీ శాస్త్రలోకం పాటిస్తున్న మర్యాదే. ఈ రెండు పనులూ చేశారు కాబట్టి ఆ ఘనతను ఎవరూ కాదనలేకపోయారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించినవాళ్లలో హిల్, మేయర్‌హాఫ్ ముఖ్యులు. 1922 నోబెల్ బహుమతి వాళ్లిద్దరికీ వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ వచ్చి ఆ సిద్ధాంతాన్ని కదిపింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకపోయినా కండరం ముడుచుకోగలదని 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ చూపించాడు. హిల్ ఈ మార్పును అంగీకరించి, 1932లో కండర శాస్త్రంలో వచ్చిన విప్లవం గురించి స్వయంగా వ్యాసం రాశాడు. ఎదుటివాళ్ల పేపర్ చదివి తన అభిప్రాయం మార్చుకోగలగడం శాస్త్రజ్ఞుడి గొప్పతనం. అలా మార్చగలిగేంత పకడ్బందీగా రాయడం పేపర్ గొప్పతనం.

తేదీ పలికే సాక్ష్యం

1665 మార్చిలో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' మొదలుపెట్టిన నాటి నుంచీ శాస్త్ర పత్రికలకు ఒక ముఖ్య బాధ్యత ఉంది. ఎవరు ఏమి కనుగొన్నారో, ఎప్పుడు తెలియజేశారో నమోదు చేయాలి. నేటికీ పేపర్ మీద 'అందిన తేదీ' అచ్చువేయడం ఆ బాధ్యతకు కొనసాగింపే.

ఆ తేదీ విలువ 1929లో తెలిసివచ్చింది. ప్రతి జీవకణంలోనూ శక్తిని చేతులు మార్చే ఏటీపీ అణువును జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలకు చెందిన కార్ల్ లోమన్ ఆగస్టులో ప్రకటించాడు. ఫిస్క్, సుబ్బారావుల పేపర్ అక్టోబరులో 'సైన్స్'లో వచ్చింది. రెండు చోట్లా స్వతంత్రంగానే పని జరిగింది. చరిత్ర పుస్తకాలు సాధారణంగా మొదట లోమన్ పేరు చెప్పి, ఆ తర్వాతే హార్వర్డ్ జంటను తలుస్తాయి. మధ్య ఉన్నది రెండు నెలలే.

అంతకంటే బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. హార్వర్డ్‌లో ఫిస్క్ దగ్గరే పరిశోధన చేసిన జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ అందుకున్నాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ, ఆ పనిని ఫిస్క్ వెలుగులోకి రానివ్వకపోవడమే కారణమనీ ఆయన చెప్పాడు. ఫిస్క్ వైపు కథ ఏమైనా, ఫలితం మాత్రం స్పష్టం. బల్ల మీద చేసిన పని పేపర్‌గా వెళ్లలేదు. వెళ్లలేదు కాబట్టి మరొకరికి ఉపయోగపడలేదు. ఇంకెవరో ఏళ్ల తరబడి మళ్లీ అదే దారి తవ్వుకోవలసి వచ్చింది. నష్టం సుబ్బారావు ఒక్కరిదే కాదు, ఆ జ్ఞానం కోసం ఎదురుచూసిన వాళ్లందరిదీ.

పేర్ల వరుస

సుబ్బారావు 1940లో హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థకు వెళ్లి, అక్కడ పరిశోధనా విభాగానికి నాయకత్వం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. దాని నిర్మాణాన్ని, తయారీని వివరించే పేపర్ 1946లో 'సైన్స్'లో వచ్చింది. దాని మీద పదహారు పేర్లున్నాయి. లెడర్లీ వాళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరక్రమంలో ఉన్నాయి. పరిశోధన నడిపించిన సుబ్బారావు పేరు ఏడోది. తన పేరు ముందుకు జరుపుకోవడానికి అధికారం ఉన్న మనిషి అక్షరక్రమానికి తలవంచారు.

1948 జూన్‌లో సిడ్నీ ఫార్బర్, సహచర వైద్యులు లుకేమియా సోకిన పిల్లలకు అమైనోప్టెరిన్ అనే మందు ఇచ్చిన ఫలితాలు ప్రకటించారు. పదహారు మంది పిల్లల్లో పదిమందికి తాత్కాలికంగానైనా మేలు కనిపించింది. క్యాన్సర్‌కు మందులతో చేసే చికిత్స చరిత్రలో అదొక మలుపు. ఆ మందు తయారుచేసి ఇచ్చింది సుబ్బారావు బృందం. పేపర్ మీద ఉన్నవి పిల్లలకు వైద్యం చేసినవాళ్ల పేర్లు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53.

పేర్ల విషయంలో నాటి ఆచారాలు వేరు. తర్వాత వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై ఉమ్మడి నియమాలకు బీజం వేశారు. నేడు వాళ్ల నియమం ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగు అర్హతలుండాలి. పనిలో గణనీయమైన పాలు ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతికి ఆమోదం తెలపాలి, పేపర్‌లోని ప్రతి మాటకూ జవాబుదారీ కావాలి. పద్నాలుగు రకాల పాత్రల్లో ఎవరు ఏది పోషించారో వివరంగా చెప్పే ఏర్పాటూ చాలా పత్రికల్లో వచ్చింది. విభాగాధిపతి కదా అని పేరు చేర్చడం, రాత్రింబవళ్లు పనిచేసిన విద్యార్థి పేరు తీసేయడం రెండూ తప్పులే. పేపర్ రాయడం మొదలుపెట్టకముందే పేర్ల సంగతి కూర్చుని మాట్లాడుకోవడం ఆ తప్పులకు మంచి విరుగుడు.

మన విద్యార్థులకు

విశాఖలో, హైదరాబాద్‌లో, తిరుపతిలో, వరంగల్‌లో ఇవాళ వేలమంది పీహెచ్‌డీ చేస్తున్నారు. పేపర్ల సంఖ్య చూసి మనిషిని తూచే అలవాటు వాళ్ల మెడ మీద కత్తిలా ఉంది. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే జర్నళ్లు ఆ భయం మీదే బతుకుతున్నాయి. వాటి వలలో పడితే చేసిన పని పోతుంది, పేరూ పోతుంది. పేపర్ పంపే ముందు ఆ జర్నల్‌లో గత రెండేళ్ల పేపర్లు కొన్ని చదవండి. మీరు గౌరవించే పరిశోధకులు అందులో రాస్తున్నారా చూడండి. మీ ప్రశ్న ఆ జర్నల్ చదివేవాళ్ల ప్రశ్నేనా అని మిమ్మల్ని మీరే అడగండి. ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో పొగడ్తలు వద్దు, కొత్తగా ఏం తేలిందో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. రివ్యూయర్ తప్పు పట్టిన చోట కోపం తెచ్చుకోకండి. ఆయనకు అర్థం కానిది రేపు చదివేవాళ్లలో చాలామందికీ అర్థం కాదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పద్ధతుల భాగానికి ఇవ్వండి. చాలామంది దాన్ని చివర్లో, పాత పేపర్ నుంచి దించి, హడావిడిగా ముగిస్తారు. ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించిన పేపర్ కూడా ఒక పద్ధతి గురించినదే. 1951లో లౌరీ, సహచరులు ప్రొటీన్లను కొలిచే విధానం రాశారు, దాన్ని మూడు లక్షలకు పైగా సార్లు ఉదహరించారు. అందులో వాడింది సుబ్బారావు పనిచేసిన విభాగానికి అధిపతి అయిన ఫోలిన్ పేరున్న రసాయనమే.

పేపర్ పంపే ముందు పద్ధతుల పేజీలు మాత్రమే తీసి, ఆ ప్రయోగం ఎప్పుడూ చేయని జూనియర్ చేతికివ్వండి. పక్కన నిలబడి ఏమీ చెప్పకండి. అతను ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తాడో అక్కడ ఒక వాక్యం తక్కువైనట్టే. ఆ వాక్యం రాయండి. అతనికి మీ ఫలితమే వచ్చిన రోజు పేపర్ పంపండి. అలా వెళ్లిన పేపర్‌కు మీ సంస్థ పేరూ మీ గైడ్ పేరూ అండగా ఉండనక్కరలేదు. వందేళ్ల తర్వాత మీ పేరు విననివాడు కూడా దాన్ని నమ్మి పనిచేసుకోగలడు.