తెరమీది నామావళి

చలనచిత్రారంభమున తెరపై సాగిపోవు పేర్ల పట్టికను ప్రేక్షకులు సాధారణముగా ఉపేక్షింతురు. కాని అందు స్థానమునకై జరిగిన పెనగులాట భారతీయ చలనచిత్ర చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయము. ఎవరి పేరు ముందుండవలెనన్నది ఒక ప్రశ్న. అసలు ఎవరి పేరు ఉండవలెనన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

క్రమమునకు వ్రాయబడని మర్యాద యొకటి కలదు. సాధారణముగా మొదట నిర్మాణసంస్థ, పిదప ప్రధాన నటులు, వారి వెనుక సహాయపాత్రధారులు, సాంకేతిక నిపుణులు, తుదకు దర్శకుడు. ఈ వరుసలో మొదటి స్థానమువలెనే చివరి స్థానమును గౌరవాస్పదమే. హిందీ చిత్రములలో ప్రతినాయక పాత్రలకు ప్రసిద్ధుడైన ప్రాణ్ పేరు, తక్కిన నటుల పేర్లు ముగిసిన పిమ్మట, 'మరియు ప్రాణ్' అని ప్రత్యేకముగా కనిపించెడిది. 2004లో వెలువడిన ఆయన జీవితచరిత్రకు ఆ మాటలే శీర్షికయైనవి. ఇద్దరు నాయకులు సమానులైనచో చిక్కు మరింత హెచ్చు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన 1962 నాటి 'గుండమ్మ కథ'లో ముఖ్యనటుల పేర్లకు మారుగా వారి ఛాయాచిత్రములనే చూపిరి. నాయిక పేరు నాయకుని పేరునకు వెనుకనుండుట చిరకాలాచారము. 2013లో షారుఖ్ ఖాన్ ఇకపై తన చిత్రములలో నాయిక పేరే ముందుండునని ప్రకటించెను; ఆ యేటి 'చెన్నై ఎక్స్‌ప్రెస్'లో దీపికా పడుకోణె పేరు ముందు వచ్చెను.

ఇది స్థానము దక్కినవారి కథ. దక్కనివారి కథ వేరు. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు నేపథ్యగానమును ప్రవేశపెట్టిన పిదప ముఖము ఒకరిది, కంఠము మరొకరిది అయ్యెను. 1949లో 'మహల్' పాట గ్రామఫోను రికార్డుపై లతా మంగేష్కర్ పేరు లేదు. కథలోని పాత్రయగు కామిని పేరుండెను. 1954లో ఆరంభమైన ఫిలింఫేర్ పురస్కారములలో నేపథ్యగానమునకు చోటు దొరకుటకు 1959 వరకు ఆగవలసివచ్చెను. రచయితల స్థితియు అంతే. 1973లో 'జంజీర్' విడుదలైనప్పుడు సలీం, జావేద్‌లు ఒక పెయింటరును కుదుర్చుకొని, బొంబాయి వీధులలోని పోస్టర్లపై తమ పేర్లను తామే వ్రాయించుకొనిరి.

ఈ ప్రశ్న కేవలము ప్రతిష్ఠకు సంబంధించినది కాదు. 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము ప్రకారము, చిత్రమున యాదృచ్ఛికముగనో ప్రాసంగికముగనో కనిపించి, పరిశ్రమ ఆచారము ననుసరించి పేర్ల పట్టికలో గాని మరెచ్చట గాని పేర్కొనబడని వ్యక్తి, తన ప్రతిష్ఠకు భంగకరమైన వికృతీకరణమును ఆక్షేపించుటకు తప్ప, 'ప్రదర్శకుడు'గా పరిగణింపబడడు. ఆచారము పేరును విడిచినచోట చట్టమును హక్కును విడిచినది. గుంపులో నిలిచి దినకూలికి నటించువారికి పట్టికలో ఒక పంక్తి విలువ యెంతయో దీనివలన తెలియును.

నేడు అనేక చిత్రములలో సమగ్రమైన పట్టిక చిత్రాంతమునకు మారినది. వందలకొలది పేర్లకు అందు చోటు కలిగినది. కాని అది తెరపై కదలనారంభించునప్పటికే దీపములు వెలుగును, ప్రేక్షకులు ద్వారములవైపు నడచుచుందురు.