కన్నాంబ కంఠం

ఫ్రెంచి రంగస్థలాన్ని ఏలిన సారా బెర్నార్ (1844–1923) కంఠాన్ని ఆనాటివారు బంగారు కంఠమని కొనియాడారు. కాని 1912లో ఆమె ఎలిజబెత్ రాణిగా వెండితెరపై కనిపించేనాటికి సినిమాకింకా మాటలు రాలేదు. ఏ కంఠం ఆమెకు కీర్తి తెచ్చిందో ఆ కంఠమే ఆ చిత్రంలో లేదు. మన పసుపులేటి కన్నాంబ గారికి కాలం అనుకూలించింది. తెలుగు చిత్రం 1932లో మాట నేర్చింది. ఆ మాటకు కావలసిన గొంతు నాటకరంగంలో సిద్ధంగా ఉంది.

1911లో కడపలో జన్మించి ఏలూరులో పెరిగిన ఆమె, చిన్ననాడే ముఖానికి రంగు వేసుకున్నారు. నారల నాటక సమాజంలో చేరి చంద్రమతి, సావిత్రి, అనసూయ వంటి పాత్రలతో పేరు గడించారు. స్త్రీపాత్రలకు స్థానం నరసింహారావు గారి వంటి పురుషులే ప్రమాణంగా ఉన్న రోజులవి. పైగా పందిట్లో చివర కూర్చున్నవానికి సైతం ఒత్తులు, దీర్ఘాలు స్పష్టంగా వినబడాలి. ఏడుస్తూ పలికినా అక్షరం చెదరరాదు. ఆ శిక్షణే ఆమె మూలధనం.

1935లో అద్దంకి శ్రీరామమూర్తి గారి సరసన ‘హరిశ్చంద్ర’లో చంద్రమతిగా, మరుసటి యేట ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో ద్రౌపదిగా ఆమె తెరపై నిలిచారు. ‘గృహలక్ష్మి’ (1938)తో పురాణం విడిచి సాంఘికంలోనికి వచ్చారు. భర్త కడారు నాగభూషణం గారితో కలిసి రాజరాజేశ్వరి సంస్థ పేరున చిత్రాలు నిర్మించారు. ‘పల్నాటి యుద్ధం’ (1947)లో నాయకురాలు నాగమ్మ అయ్యారు. శోకానికి పేరుపడిన గొంతు అక్కడ రాజనీతి పలికింది.

అంతకంటె విశేషం ‘కణ్ణగి’ (1942). తన మాతృభాష కాని తమిళంలో, కాలి అందె చేతబట్టి పాండ్యరాజును నిలదీసే పాత్ర అది. తమిళులకు కణ్ణగి కేవలం కథానాయిక కాదు, దేవత. అటువంటి పాత్రలో ఒక తెలుగు నటిని వారు శిరసావహించారు. ‘మనోహర’ (1954)లో కరుణానిధి గారి సంభాషణలను, ఏలూరు ప్రాంతంవారే అయిన ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వంలో పలికారు. అన్నాళ్ళూ కొడుకును అదుపులో ఉంచిన తల్లే చివరకు సంకెళ్ళు తెంచుకొమ్మని ఆజ్ఞాపించే ఘట్టానికి ప్రాణం ఆమె వాక్కే.

ఇప్పటివారు కొందరు ఇదంతా అతినటన అంటారు. మైకు ముఖం దగ్గరకు వచ్చాక అంత ఎత్తుగొంతు అక్కరలేదన్న మాట నిజమే. అయినా ఆ చిత్రాలను కళ్ళతో మాత్రమే తూచడం న్యాయం కాదు. గ్రామఫోను రికార్డుకు ఎక్కని ఎందరో నటుల వాచికం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి మనకు మిగిలిన ఆధారాలలో ఆమె సంభాషణ ఒకటి. మా ఆటోనగరులో రేకులు సాగగొట్టే మోత నడుమ ‘మనోహర’ పెట్టుకున్నా, ఆమె పలుకు ఒక్కటి కూడ జారిపోదు.

1964 మే 7న ఆమె కన్నుమూశారు. ఏ పాత చిత్రమైనా దొరికితే, మిత్రులారా, ఒక్క సన్నివేశం కళ్ళు మూసుకొని వినండి. తెలుగు అక్షరానికి ఎంత బలముందో తెలుస్తుంది.