ధాతురాగము

మేఘసందేశమున యక్షుఁడు అలిగిన ప్రియను ఱాతిపై ధాతురాగములతో వ్రాసెనని కాళిదాసోక్తి. పాఠశాలలలో నిచట ధాతువనఁగా లోహమని చెప్పువారు కలరు. వనవాసి లోహమును గరఁగించి బొమ్మ వ్రాయుట యెట్లు? వైయాకరణులకు ధాతువు క్రియామూలము. అమరసింహుఁడు కొండలఁ బుట్టు మణిశిలాదులను, విశేషించి గైరికమును ధాతువనెను. గిరియందుఁ బుట్టినది గైరికము, మన జేగురు. కొలిచెలమ మల్లినాథసూరియు నిచట గైరికాదులనియే వ్యాఖ్యానించెను.

చిత్రకారులు దీనినే వాడిరనుటకు అజంతాగుహలు ప్రత్యక్షప్రమాణము. క్రీ. శ. 5వ శతాబ్దినాఁటి యా చిత్రములను రసాయనశాస్త్రజ్ఞులు పరీక్షించిరి. ఎఱుపు జేగురు, పసుపు తజ్జాతీయమైన మన్ను, ఆకుపచ్చ నల్లఱాతి కొండలలో దొరకు హరితమృత్తిక, నలుపు మసి. నీలమొక్కటియే దూరదేశమగు బదక్షాను సీమనుండి వచ్చిన రాజావర్తము.

మన్ను వర్ణమగుటకు నేర్పుకంటె నోర్పు వలయును. గడ్డను దంచి, నూఱి, నీటఁ గలిపి, ఇసుక యడుగంటఁగానే పై కలఁకనీటిని వేఱొక పాత్రలోనికి వంపవలెను. అందుఁ బేరిన మెత్తని మడ్డి యెండినచో వర్ణము. పసుపుపచ్చని మన్నును గాల్చిన నందలి నీరు తొలఁగి యెఱ్ఱనగును. కావున నొక్క చఱియయే రెండు వన్నెల నొసఁగఁగలదు. ఇఁక బంక. 12వ శతాబ్దిలోఁ బశ్చిమచాళుక్యరాజు మూఁడవ సోమేశ్వరుఁడు మానసోల్లాసమున, మహిషచర్మము నుడికించి చేసిన వజ్రలేపమును విధించెను.

యక్షునకుఁ బాత్రయు లేదు, బంకయు లేదు. అయినను లోపము లేదు: జేగురుగడ్డను బట్టి ఱాతిపై గీచిన నెఱ్ఱని జాడ నిలుచును. ఈ శ్లోకము చెప్పు బోధకుఁడు గడ్డ నొకదానిని బాలుర చేతికిచ్చి పలకపై గీయింపవచ్చును.